దోషనిర్ణయం: పోరుమామిళ్ల శాసనం నుండి ఇంటి గొట్టం వరకు

1. ఉపోద్ఘాతం

మన జలచరిత్ర రచన ప్రధానంగా చెరువులు, కాలువలు, ఆనకట్టల చుట్టూ సాగింది. నీరు ఇంటి గోడలోకి ప్రవేశించిన తరువాత దాని కథ చరిత్రకారుని చేతి నుండి ప్లంబరు చేతికి మారిపోతుంది. కుళాయిలో ధార సన్నగిల్లడం, మోరీలో నీరు నిలిచిపోవడం కేవలం మరమ్మతు విషయాలుగా మిగిలిపోతాయి. అయితే నీరు ఎక్కడ, ఎందుకు ఆగుతున్నదో గుర్తించడం కూడా ఒక విద్యే. దానికీ చరిత్ర ఉంది. ఆ చరిత్రలోని కొన్ని ఘట్టాల వెలుగులో నేటి ఇంటి జలదోషాలను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశ్యం.

2. శాసనంలో దోషాల పట్టిక

కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం క్రీ.శ. 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు (భవదూరుడు) ఆ చెరువును నిర్మించాడు. సంస్కృతంలో ఉన్న ఈ శాసనం మంచి చెరువుకు కావలసిన 12 సాధనాలతో పాటు ఆరు దోషాలను కూడా పేర్కొన్నది. కట్ట నుండి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ మెరక ఉండటం, నీరు స్వల్పమై ఆయకట్టు విస్తారం కావడం, నీరు అధికమై నేల స్వల్పం కావడం అనేవి ఆ ఆరు.

వీటిలో సరిహద్దు దోషం ప్రత్యేకంగా గమనించదగినది. మిగిలినవి మట్టికీ, నీటికీ, కొలతకూ సంబంధించినవి. ఇది మాత్రం మనుషుల మధ్య బాధ్యతకు సంబంధించినది. రెండు అధికారాల నడుమ పడిన నీరు ఎవరి సంరక్షణలోనూ ఉండదన్న గ్రహింపు ఇందులో కనిపిస్తుంది.

3. ఎత్తు, పీడనం

వాడుకలో ‘ఫోర్సు’ అని పిలుస్తున్న నీటి పీడనానికి మూలం ఎత్తు. 10 మీటర్ల ఎత్తున నిలిచిన నీరు అడుగున చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలోగ్రాము పీడనాన్ని కలిగిస్తుంది. గోల్కొండ కోటలో నీటిని చక్రాలతో అంచెలంచెలుగా పైకి తోడి, మట్టి గొట్టాల ద్వారా భవనాలకు పంపారు. ఆదిల్‌షాహీల బీజాపూరులో ఎదురైన సమస్య దీనికి భిన్నమైనది. అక్కడ పల్లానికి పారే నీటి పీడనం మట్టి గొట్టాలను పగలగొట్టే ప్రమాదం ఉండేది. అందుకు దారి మధ్యలో ‘గంజ్’ అనే నీటి బురుజులు కట్టారు. నీరు బురుజులోకి ఎక్కి అదనపు పీడనాన్ని కోల్పోయి, ఒండ్రును అడుగున వదిలి ముందుకు సాగేది. పీడనం చాలకపోవడమే కాదు, మితిమీరడం కూడా దోషమేనని ఆ నిర్మాతలకు తెలుసు.

4. నగరం, మేడ మీది ట్యాంకు

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను హైదరాబాదుకు రప్పించింది. ఆయన ప్రతిపాదనల్లో వరద నివారణతో పాటు భూగర్భ మురుగునీటి వ్యవస్థ కూడా ఉంది. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఉస్మాన్‌సాగర్ నీరు నేల వాలును ఆధారం చేసుకొని ఆసిఫ్‌నగర్ వడపోత కేంద్రానికి చేరేది.

నగరం విస్తరించిన కొద్దీ నీటి సరఫరా గంటల లెక్కకు పరిమితమైంది. శాసనం చెప్పిన ‘స్వల్ప జలం, విస్తార భూమి’ దోషం ఇక్కడ నగర రూపం దాల్చింది. ఫలితంగా ప్రతి ఇల్లూ నేలలో ఒక సంపును, మేడ మీద ఒక ట్యాంకును సమకూర్చుకొన్నది.

ఇంట్లో ధార తగ్గినప్పుడు ముందుగా దోషం పరిధిని నిర్ణయించాలి. ఒక్క కుళాయిలోనే తగ్గితే దాని మూతి జాలీలో ఇసుక చేరి ఉండవచ్చు. ఇల్లంతటా తగ్గితే ట్యాంకు వాల్వునూ, ఇనుప గొట్టాల్లో పేరుకొన్న తుప్పునూ, ఉప్పునీటి పొరనూ పరిశీలించాలి. గొట్టం నడుమ మెరకగా లేచి దిగితే అక్కడ గాలి చిక్కుకొని నీటిని అడ్డగిస్తుంది. పై అంతస్తులో మాత్రమే ధార సన్నగా ఉంటే కారణం చాలావరకు ఎత్తే. కుళాయికి 2 మీటర్ల పైన మాత్రమే ఉన్న ట్యాంకు 0.2 కిలోగ్రాముల పీడనమే ఇవ్వగలదు.

దీనికి విరుగుడుగా కొందరు వీధి నల్లాకే నేరుగా మోటారు బిగిస్తారు. అది పొరుగింటి వాటాను లాగివేయడమే కాక, గొట్టంలో పీడనం పడిపోయినప్పుడు పగుళ్ల గుండా చుట్టుపక్కల మురుగును కూడా లోనికి పీలుస్తుంది.

5. మురుగు దారి

మంచినీటికి ఎత్తు ఎలాగో మురుగునీటికి వాలు అలాగ. నాలుగంగుళాల గొట్టానికి సుమారు 60 అడుగులకు 1 అడుగు వాలు అవసరం. వాలు చాలకపోతే మడ్డి అడుగున పేరుకొంటుంది. తొట్టి కింద వంపు తిరిగిన గొట్టంలో నిలిచే కొద్దిపాటి నీరు దుర్వాసనను అడ్డుకుంటుంది. మరుగుదొడ్డికి ఇటువంటి వంపును జోడించి అలెగ్జాండర్ కమ్మింగ్ 1775లో లండన్‌లో పేటెంటు పొందాడు. ఒక్క తొట్టి మాత్రమే నిలిస్తే దోషం ఆ వంపులో ఉంటుంది. కింది అంతస్తులో అన్నీ ఒకేసారి ఎదురు తన్నితే దోషం ప్రధాన గొట్టంలోనో, వీధి పక్క ఛాంబరులోనో ఉంటుంది. గుడగుడ శబ్దం గాలి గొట్టం మూసుకుపోయిందనడానికి సూచన కావచ్చు. ఈ విచారణ లేకుండా పోసే ఆమ్లం గొట్టాన్నీ, తరువాత దానిని విప్పేవారి చేతులనూ దెబ్బతీస్తుంది.

ఇక్కడే సరిహద్దు దోషం మళ్లీ ఎదురవుతుంది. గడప దాటిన మురుగు తమది కాదని గృహస్థులు భావిస్తారు. ఆ భావన చివరకు ఒక కార్మికుణ్ణి మ్యాన్‌హోలులోకి దించుతుంది. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మురుగులోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అయినా ఆ మరణాలు ఆగలేదు. వంటింటి మోరీలో పోసిన నూనె, పడేసిన గుడ్డపీలికలు వీధి కాలువలో అడ్డుగా మారితే, ఆ అడ్డు తీసే ప్రమాదం మరొకరి వంతవుతున్నది.

6. ముగింపు

పోరుమామిళ్ల శాసనానికీ నేటి ప్లంబింగుకూ వంశక్రమం ఉందని ఈ వ్యాసం ప్రతిపాదించడం లేదు. రెండింటిలోనూ కనిపించే ఆలోచనా క్రమాన్ని మాత్రమే గుర్తిస్తున్నది. మరమ్మతుకు ముందు దోషానికి పేరు పెట్టాలి. ఆ దోషాన్ని వస్తువులోనే కాక మనుషుల ఏర్పాట్లలో కూడా వెతకాలి. ఇంటి గొట్టం వీధి గొట్టంతో కలిసే చోటును జలచరిత్ర పరిశోధనలోకి తీసుకువస్తే, నీరు ఎవరికి చేరిందన్న ప్రశ్నతో పాటు దాని మురుగును ఎవరు మోశారన్న ప్రశ్నకు కూడా చోటు దొరుకుతుంది.