జంతువు నుంచి కణం దాకా: వృషణ సూక్ష్మనిర్మాణ చరిత్రలో పారిభాషిక పదాలు

ఒక వస్తువుకు పారిభాషిక పదం ఏర్పడేనాటికి దాన్ని గురించి శాస్త్రానికి ఎంత తెలుసో ఆ పదమే చెబుతుంది. తరువాత జ్ఞానం మారినా పదం మారకపోవచ్చు. శాసనంలో దాన్ని వేయించిన కాలపు విశ్వాసం నిలిచి ఉన్నట్లే, పదంలోనూ అది పుట్టిన కాలపు అవగాహన నిలిచి ఉంటుంది. పురుష ప్రత్యుత్పత్తి వ్యవస్థ సూక్ష్మనిర్మాణాన్ని గురించి పదిహేడో శతాబ్దం నుంచి సాగిన పరిశోధనను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఐరోపా భాషల ‘స్పెర్మటోజోవా’, తెలుగు ‘శుక్రకణం’ ఒకే వస్తువును సూచిస్తున్నప్పటికీ రెండు భిన్న సిద్ధాంతాలను మోస్తున్నాయన్నది ఇందలి ప్రతిపాదన.

ద్రవం, నాళిక, జంతువు

సూక్ష్మదర్శిని రాకముందు శుక్రం ఒక ద్రవ్యం మాత్రమే. ఆయుర్వేదం దాన్ని సప్తధాతువులలో చివరిదిగా గణించింది. పాలలో నెయ్యి వలె, చెరకులో రసం వలె అది దేహమంతటా వ్యాపించి ఉంటుందని సుశ్రుతసంహిత శారీరస్థానం పేర్కొంటుంది. ఈ భావనలో శుక్రం ఒక అవయవానికి పరిమితమైనది కాదు. గ్రీకు సంప్రదాయంలో అరిస్టాటిల్ వృషణాలను మగ్గానికి వేలాడదీసే రాళ్లతో పోల్చాడు. ఆయన దృష్టిలో అవి నాళాలను సరైన స్థితిలో నిలిపే బరువులే గాని బీజోత్పత్తి స్థానాలు కావు.

వృషణం లోపలి నిర్మాణాన్ని స్పష్టంగా వివరించినవారిలో డచ్చి వైద్యుడు రెనియర్ డి గ్రాఫ్ ముఖ్యుడు. వృషణం మాంసపు ముద్ద కాదనీ, అతి సన్నని నాళికలు చుట్టలు చుట్టుకొని ఏర్పడిన అవయవమనీ 1668లో వెలువడిన తన గ్రంథంలో ఆయన చూపాడు. డెల్ఫ్ట్ నగరంలో బట్టల వ్యాపారి అయిన ఆంటొని వాన్ లేవెన్‌హుక్‌ను లండన్ రాయల్ సొసైటీకి 1673లో లేఖ ద్వారా పరిచయం చేసినవాడు కూడా డి గ్రాఫే. అదే సంవత్సరం ఆయన తన 32వ ఏట మరణించాడు. నాళికలను చూపినవాడు ఆ నాళికలలో పుట్టే కణాల సంగతి వినకుండానే వెళ్లిపోయాడు.

లేడెన్ వైద్య విద్యార్థి యోహన్ హామ్ తెచ్చిన నమూనాతో ప్రారంభించి లేవెన్‌హుక్ తాను చూసినదాన్ని 1677 నవంబరులో రాయల్ సొసైటీకి వ్రాసి పంపాడు. ఈ విషయం పండితులకు జుగుప్స కలిగిస్తే లేఖను ప్రకటించనక్కరలేదని కూడా అందులో సూచించాడు. అది 1679లో లాటిన్ అనువాదంగా అచ్చయింది. తోకలతో ఈదుతున్న ఆ సూక్ష్మరూపాలను ఆయన చిరుజంతువులుగా భావించాడు. కదిలేది ప్రాణి, ప్రాణి అయితే జంతువు అన్న తర్కం ఆనాటికి సహజమైనదే.

జంతువు కణమైన క్రమం

ఈ పేరు దాదాపు నూటయాభై సంవత్సరాలు పరిశోధనకు దారి చూపింది. దారి మళ్లించింది కూడా. నికొలాస్ హార్ట్‌సూకర్ 1694లో శుక్రకణం తలలో ముడుచుకొని కూర్చున్న చిన్న మనిషి బొమ్మ వేశాడు. అది ఆయన చూసిన దృశ్యం కాదు, చూడగలిగితే ఇలా ఉండవచ్చునన్న ఊహ. తరువాతి కాలంలో ఆ బొమ్మ పరిశీలనగా చలామణి కావడం గమనార్హం. ఇటలీకి చెందిన స్పల్లాంజాని పద్దెనిమిదో శతాబ్ది ఉత్తరార్ధంలో కప్పలపై ప్రయోగాలు చేశాడు. శుక్రద్రవాన్ని వడగడితే దాని ఫలదీకరణ శక్తి నశిస్తుందని ఆ ప్రయోగాలే చూపాయి. అయినా ఫలదీకరణకు కారణం ఆ జంతువులు కావనీ, ద్రవమేననీ ఆయన అభిప్రాయపడ్డాడు. ప్రయోగం ఒకటి చెబుతుంటే పేరు మరొకటి చెప్పింది; ఆయన పేరునే నమ్మాడు.

ప్రెవో, డ్యూమాలు 1824లో వడపోత ప్రయోగాలను మరింత కట్టుదిట్టంగా జరిపి, ఫలదీకరణకు ఆ కదిలే రూపాలే అవసరమని వాదించారు. అయినప్పటికీ 1827లో కార్ల్ ఎర్న్‌స్ట్ వాన్ బేర్ వాటిని పరాన్నజీవులుగా భావించి ‘స్పెర్మటోజోవా’ అని పేరు పెట్టాడు. బీజంలోని జంతువులు అని దాని అర్థం. క్షీరదాల అండాన్ని కనుగొన్న శాస్త్రజ్ఞుడే ఈ పేరు పెట్టడం చరిత్రలోని వైచిత్రి. చివరకు 1841లో ఆల్బర్ట్ కోలికర్ ఇవి వృషణంలోని కణాల నుంచే ఉద్భవిస్తాయని నిరూపించాడు. అప్పటికి కణసిద్ధాంతం వెలువడి రెండేళ్లే అయింది. జంతువు కణమైంది, పేరు మాత్రం జంతువుగానే మిగిలింది.

నాళికల లోపల, నాళికల నడుమ

కణమని తేలిన తరువాత పరిశోధన అది పుట్టే చోటికి మళ్లింది. ఫ్రాంజ్ లేడిగ్ 1850లో నాళికల నడుమ ఉండే కణసమూహాలను వర్ణించాడు. ఎన్రికో సెర్టోలి 1865లో, తన 23వ ఏట, నాళికల లోపల ఆధారత్వచం నుంచి మధ్యభాగం వరకు కొమ్మలు చాచిన కణాలను వర్ణించాడు. ఎదుగుతున్న శుక్రకణాలకు ఇవి ఆధారమూ పోషకమూ అని తరువాత స్థిరపడింది.

లేడిగ్ కణాల చరిత్ర మరింత ఆలోచింపజేస్తుంది. వాటిని వర్ణించడానికి ఒక ఏడాది ముందు, 1849లో, గోటింగెన్‌లో ఆర్నల్డ్ బెర్తోల్డ్ విత్తులు తొలగించిన కోడిపుంజులలో తిరిగి వృషణాన్ని నాటి, వాటి తురాయి, కూత, పోరాటస్వభావం నిలిచి ఉంటాయని చూపాడు. నాడీసంబంధం తెగినా ఈ ఫలితం రావడం వల్ల రక్తం ద్వారానే ఆ ప్రభావం ప్రసరిస్తున్నదని ఊహించాడు. కార్యం ఒకరికి, కారకం మరొకరికి ఏడాది వ్యవధిలో దొరికినా, 1903లో బుయాన్, ఆన్సెల్ అంతఃస్రావ ప్రతిపాదన చేసేవరకు ఆ రెండూ కలవలేదు. ఆ స్రావమైన టెస్టోస్టిరాన్ 1935లో వేరుపడింది. వర్ణనకు తగిన భావన తోడుకాకపోతే కళ్లెదుటి కణం కూడా అర్థం కాదనడానికి ఇది నిదర్శనం.

ఇరవయ్యో శతాబ్దంలో లబ్లాన్, క్లెర్మాన్ 1952లో ఎలుక నాళికలలో కణాల అమరికను 14 దశలుగా విభజించారు. క్లెర్మాన్ 1963లో మానవునిలో 6 దశలను గుర్తించాడు. మానవునిలో శుక్రకణోత్పత్తికి సుమారు 74 రోజులు పడుతుందని ఆ పరిశోధనలు తేల్చాయి.

తెలుగు పదాల సాక్ష్యం

ఆధునిక విద్య ద్వారా ఈ శాస్త్రం తెలుగులోకి వచ్చేనాటికి కోలికర్ నిర్ణయం పాఠ్యాంశంగా మారింది. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి మొదలు 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వరకు సాగిన శాస్త్రగ్రంథ ప్రచురణ ఈ పదజాలానికి నేపథ్యం. అందువల్ల ‘శుక్రకణం’ అన్న పదంలో జంతువు ప్రసక్తి లేదు. కణమంటే నలుసు అన్న అర్థం కూడా ఉన్నది గనుక ఇది పరిమాణాన్ని మాత్రమే చెబుతుందని ఆక్షేపించవచ్చు. హిందీ ‘శుక్రాణు’ విషయంలో ఆ మాట చెల్లుతుంది. తెలుగులో శుక్రమాతృకణం, సెర్టోలి కణం, లేడిగ్ కణం అన్నీ ఒకే మాటతో ఏర్పడినందున ఇక్కడ కణానికి జీవకణమనే అర్థం నిర్దిష్టమైనది.

నాళిక పేరులోనూ ఇదే భేదం. దాని లాటిన్ పేరుకు బీజాన్ని మోసేది అని అర్థం. తెలుగు ‘శుక్రోత్పాదక నాళిక’ ఉత్పత్తిని చెబుతుంది. మోసే పనిని ‘శుక్రవాహిక’కు విడిచిపెట్టింది.

అయితే తెలుగు పదజాలం నిర్దుష్టమనుకోవడం పొరపాటు. శుక్రద్రవంలో వృషణం నుంచి వచ్చే భాగం స్వల్పం. అధికభాగాన్ని స్రవించేవి శుక్రాశయాలు. కాని ‘ఆశయం’ అన్న మాట వాటిని స్రవించే గ్రంథులుగా గాక నిలవచేసే సంచులుగా చూపుతుంది. ధాతువుకు పెట్టిన ‘శుక్ర’ శబ్దమే ద్రవానికీ కణానికీ ఉమ్మడి కావడం ఈ చిక్కుకు మూలం. ‘ముష్కం’ అన్న పర్యాయపదాన్ని నిఘంటుకారులు మూషిక శబ్దంతో ముడిపెట్టారు. అది కేవలం ఆకృతిని బట్టి వచ్చిన పేరు.

ముగింపు

పై పరిశీలన వల్ల రెండు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, ఆలస్యంగా శాస్త్రాన్ని స్వీకరించిన భాషకు అప్పటికే తేలిన సత్యాన్ని పేరులో నిలుపుకొనే అవకాశం కలుగుతుంది. రెండు, ఆ భాష తన పాత శాస్త్రం నుంచి తెచ్చుకున్న ధాతువులతో పాటు పాత భావననూ తెచ్చుకుంటుంది. ‘శుక్రకణం’ మొదటిదానికి, ‘శుక్రాశయం’ రెండోదానికి ఉదాహరణలు. పారిభాషిక పదాలను మూలానికి సమానార్థకాలుగా మాత్రమే గాక, అవి స్వీకరించిన, విడిచిన సిద్ధాంతాలకు సాక్ష్యాలుగా చదవడం తెలుగు శాస్త్రవాఙ్మయ చరిత్ర రచనకు అవసరం.