శ్రీహరికోట ద్వీపము - యానాదులు

సూళ్లూరుపేటనుండి శ్రీహరికోటకు బోవు బాట పులికాట్ సరస్సు మీదుగ సాగును. శీతకాలమున ఆ బాటకు ఇరువైపుల, లోతులేని ఉప్పునీట, ఫ్లెమింగో పక్షులు వేలకొలది నిలిచియుండును. ముక్కును తలక్రిందుగ ముంచి, బురదనీటిని వడగట్టి మేత గ్రహించుట వాని పద్ధతి. సముద్రముతో సరస్సును కలుపు ముఖద్వారము ఇసుకతో పూడినచో పక్షులకును జాలరులకును ఒకే గతి. గూడబాతులు మాత్రము సమీపమందలి నేలపట్టు చెరువున కడపచెట్లపై గూళ్లు కట్టును. వాని రెట్ట కలిసిన నీరు పైరునకు బలమని నమ్మిన గ్రామస్థులు వానిని కాపాడుచు వచ్చిరి. అభయారణ్యమను పేరు 1976లో వచ్చినది.

సరస్సు దక్షిణపు కొనయందలి పులికాట్ రేవున డచ్చివారు 1613లో గెల్డ్రియా కోటను కట్టి, అద్దకపు వస్త్రములను తూర్పు దీవులకు పంపిరి. ఈ తీరపు వస్త్రములకు ఎరుపునిచ్చినది చిరువేరు. ఇసుకనేలలలో ఆ వేరును త్రవ్వి తెచ్చినవారిలో శ్రీహరికోట యానాదులును గలరు. కోటను గూర్చి వ్రాసిన చరిత్రకారులు వేరు త్రవ్వినవారిని అంతగా తలపలేదు.

1835లో ప్రభుత్వము ద్వీపమును తన యాజమాన్యము క్రిందికి తెచ్చుకొనెను. మద్రాసు నగరమునకు వంటచెరకు కావలసియుండుటయే అందులకు కారణము. కట్టెలు కాలువ పడవలపై తరలెడివి. ఆ కాలువకే 1878లో బకింగ్‌హాం పేరు పెట్టిరి. ఏ దుంప తినదగినదో, తేనె యెచట దొరకునో, ఏ వేరు దేనికి మందో యెరిగినవారు యానాదులే. అందుచే అధికారులు వారిని వెడలగొట్టక, అటవీవస్తువులు సేకరించుటకు నియోగించిరి. దీనిని దయ యనుటకంటె అవసరమనుటయే న్యాయము.

1969లో రాకెట్ కేంద్రమునకు ఈ ద్వీపమునే యెన్నుకొనిరి. తూర్పున తెరపియైన సముద్రము, భూమధ్యరేఖకు సామీప్యము, జనము పలుచగ నుండుట కారణములు. ఆ పలుచని జనమే అచటి ఊళ్లవారు. వారిలో పలువురు తరలిపోవలసివచ్చెను. కొన్ని యానాది కుటుంబములు నిలిచినవి. 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్టు ఎగసెను. నాటి వంటచెరకు అడవి కేంద్రపు కాపుదలలో గొడ్డలికి దూరమైనది. అందు తరతరములుగ తిరిగినవారికి మాత్రము అనుమతి కావలసినదయ్యెను.

ప్రయోగములను జూచుటకు 2019లో సందర్శకుల కొరకు ప్రేక్షకశాల తెరచిరి. ద్వీపపు అడవిలోనికి స్వేచ్ఛగ పోవుట కుదరదు. పక్షులను జూడగోరువారికి సరస్సు బాటయే చాలును. మాఘమాసమునకు ముందే పోవుట మేలు.