ఒకే ఒంట్లో రెండు జ్వరాలు

జ్వరాలను ఒకదాని నుంచి ఒకటి విడదీసి గుర్తించడం వైద్యచరిత్రలో చాలా పెద్ద విజయం. పూర్వం వైద్యులకు జ్వరం రాకపోకలే ఆధారం. రోజు విడిచి రోజు వచ్చేదాన్ని తృతీయకమనీ, రెండు రోజులు విడిచి వచ్చేదాన్ని చతుర్థకమనీ ఆయుర్వేదం లెక్కగట్టింది. 19వ శతాబ్దం చివర సూక్ష్మదర్శిని ఈ పద్ధతిని మార్చేసింది. 1880లో అల్జీరియాలో లావెరాన్ మలేరియా పరాన్నజీవిని రోగి రక్తంలో చూశాడు. అదే ఏడాది ఎబెర్త్ టైఫాయిడ్ బాక్టీరియాను వర్ణించాడు. 1896లో టైఫాయిడ్‌ను గుర్తించే విడాల్ పరీక్ష వచ్చింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. ఇరవై ఏళ్లు తిరక్కుండానే ఒక జ్వరానికి ఒక క్రిమి అన్న సూత్రం స్థిరపడింది. దాని మేలు ఇంతా అంతా కాదు. అయితే ఒక క్రిమి దొరకగానే వెతుకులాట ఆపేసే అలవాటు కూడా ఆ సూత్రంతోనే వచ్చింది. ఉష్ణమండలంలో జ్వరాలు ఒకదాని నేలమీదికి ఒకటి పాకుతున్న కొద్దీ ఈ అలవాటు రోగులకు ప్రమాదకరంగా మారిందని నా వాదన.

రెండు జ్వరాలు కలిసి రావచ్చన్న ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకు వచ్చిన జ్వరాల్లో టైఫాయిడ్, మలేరియా లక్షణాలు కలగలిసి కనిపించడంతో, సైనిక వైద్యుడు జోసెఫ్ వుడ్‌వర్డ్ 1860లలో దానికి 'టైఫో మలేరియా' అని పేరు పెట్టాడు. రక్తపరీక్షలు వచ్చాక అలాంటి ప్రత్యేక వ్యాధి లేదని తేలింది, పేరు మరుగున పడింది. ఆ పేరు పోవడం న్యాయమే. కానీ ఒకే మనిషికి రెండూ సోకవచ్చన్న గమనింపు కూడా దాంతోపాటే కనుమరుగైంది. మలేరియా కాకపోతే టైఫాయిడ్, టైఫాయిడ్ కాకపోతే మలేరియా అన్న లెక్కే మిగిలింది.

1948లో కౌలాలంపూర్‌లో జరిగింది ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. స్మాడెల్, వుడ్‌వర్డ్ అనే అమెరికా వైద్యుల బృందం (ఈ థియొడోర్ వుడ్‌వర్డ్ వేరు) స్క్రబ్ టైఫస్‌పై క్లోరాంఫెనికాల్ అనే కొత్త మందును పరీక్షిస్తోంది. పొదల్లో ఉండే నల్లిలాంటి చిన్న పురుగు పిల్లలు కుట్టడం వల్ల వచ్చే జ్వరమే స్క్రబ్ టైఫస్. రెండో ప్రపంచయుద్ధంలో అస్సాం, బర్మా సరిహద్దుల్లో సైనికులను కుదేలు చేసింది. స్క్రబ్ టైఫస్ అనుకుని మందిచ్చిన వాళ్లలో ఇద్దరికి నిజానికి టైఫాయిడ్ ఉందని తర్వాత తెలిసింది. వాళ్లకూ జ్వరం తగ్గింది. టైఫాయిడ్‌కు తొలి నమ్మకమైన మందు అలా, వ్యాధి నిర్ధారణ పొరపాటులోంచి దొరికింది. ఆ తర్వాత రెండు మూడు దశాబ్దాలపాటు ఒకే మందు రెండింటినీ తగ్గించింది కాబట్టి, రోగికి ఉన్నది ఏదో, రెండూ ఉన్నాయేమో తెలియాల్సిన అవసరమే పెద్దగా రాలేదు. 1972లో కేరళలో క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడ్ బయటపడింది. క్రమంగా వైద్యులు సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందులకు మళ్లారు. ఇవి స్క్రబ్ టైఫస్‌పై పనిచేయవు, దానికి డాక్సీసైక్లిన్ కావాలి. 2000 తర్వాత స్క్రబ్ టైఫస్ దేశంలో తిరిగి వచ్చిందని అంటున్నారు. పరీక్షలు పెరగడం దానికి ఒక కారణమైతే, ఇన్నాళ్లూ దాన్ని కప్పి ఉంచిన మందు పక్కకు తప్పుకోవడం మరో కారణమని నాకనిపిస్తుంది. గోరఖ్‌పూర్‌లో ఏళ్ల తరబడి పిల్లల ప్రాణాలు తీసిన మెదడువాపును జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌గానే చూస్తూ వచ్చారు. గత దశాబ్దం మధ్యలో జరిపిన పరీక్షల్లో సగానికి పైగా కేసుల్లో స్క్రబ్ టైఫస్ ఆనవాళ్లు బయటపడ్డాయి. ఒక పేరు స్థిరపడితే మరొకటి ఎంతకాలం కనిపించకుండా పోగలదో చెప్పడానికి ఇంతకన్నా బాధాకరమైన ఉదాహరణ నాకు తెలియదు.

ఇక వ్యాప్తి సంగతి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా సోకేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. డీడీటీ పిచికారీతో 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి, 1976లో మళ్లీ 64 లక్షలు దాటాయి. అప్పటికి నగరాల్లో మంచినీటి తొట్లు, మేడమీది ట్యాంకులు పెరిగాయి. నగర మలేరియాను మోసే అనాఫిలిస్ స్టీఫెన్సైకీ, డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టైకీ అవే నివాసం. విశాఖ మన్యంలో మలేరియా, పట్నంలో డెంగీ అన్న పాత విభజన ఇప్పుడు చెల్లదు. నీళ్లు పట్టి నిల్వ చేసుకునే ప్రతి పల్లెకూ ఈడిస్ చేరుతోంది. 1973లో మహారాష్ట్రలోని బార్శి తర్వాత మూడు దశాబ్దాలు కనిపించని చికున్‌గన్యా, 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో తలెత్తి, మరుసటి ఏడాది దేశంలో దాదాపు 14 లక్షల అనుమానిత కేసులకు కారణమైంది. ఈ జ్వరాల కాలమూ ఇంచుమించు ఒకటే, వానలు మొదలైనప్పటి నుంచి శీతాకాలం దాకా. చోటూ కాలమూ కలిశాక రోగులు కలవకుండా ఉంటారా? 1964లో వెల్లూరులో డెంగీ, చికున్‌గన్యా కలిసి చెలరేగినప్పుడు ఒకే రోగి రక్తంలోంచి రెండు వైరస్‌లనూ వేరుచేశారు. మయర్స్, కేరీ ఆ ఫలితాన్ని 1967లో ప్రచురించారు. ఇలా రెండు కలిసి వస్తే ఏమవుతుందో రోగి మంచం దగ్గర తెలుస్తుంది. చికున్‌గన్యా కీళ్లనొప్పులకు ఇచ్చే డైక్లోఫెనాక్, లోపల డెంగీ కూడా ఉంటే రక్తస్రావానికి దారితీయవచ్చు. ఎన్‌ఎస్1 పరీక్ష పాజిటివ్ రాగానే డెంగీ ఒక్కటే అని ఊరుకుంటే, పక్కనే ఉన్న స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్ అందదు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరమే ఉంది: రెండు జ్వరాలని రాసిన చాలా నివేదికలు పరీక్షల దోషమే కదా? నిజమే. మలేరియా రోగికి విడాల్ పరీక్ష పాజిటివ్ రావచ్చు, పాత టైఫాయిడ్ వల్లా రావచ్చు. డెంగీ ఐజీఎం ప్రతిరక్షకాలు రెండు మూడు నెలలు, స్క్రబ్ టైఫస్‌వి ఇంకా ఎక్కువ కాలం రక్తంలో ఉంటాయి. నిరుటి జ్వరం ఈనాటి జ్వరంగా కాగితం మీదికి ఎక్కుతుంది. మన పట్టణాల్లో టైఫాయిడ్, మలేరియా రెండూ ఉన్నాయని ఇచ్చే రిపోర్టుల్లో విడాల్ ఒక్కదాని మీదే నిలిచినవి నమ్మదగినవి కావు. అలాగని అన్నింటినీ కొట్టిపారేయలేం. రక్తపు చుక్కలో పరాన్నజీవి కనిపించి, అదే రోగి రక్తాన్ని కల్చర్ చేస్తే టైఫాయిడ్ బాక్టీరియా పెరిగితే, దాన్ని పరీక్ష దోషమనలేం. పైగా ఇది ఎప్పుడూ కేవలం కాకతాళీయం కాదు. మలేరియాలో ఎర్రకణాలు పగలడం వల్ల టైఫాయిడ్ బాక్టీరియా జాతి అయిన సాల్మొనెల్లాను చంపే శక్తి శరీరంలో తగ్గుతుంది. గాంబియాలో మలేరియా తగ్గుతూ వచ్చిన ఏళ్లలోనే పిల్లల రక్తంలో టైఫాయిడేతర సాల్మొనెల్లా కూడా తగ్గింది.

మరి అనుమానం వచ్చిన ప్రతివారికీ అన్ని మందులూ ఇచ్చేస్తే సరిపోదా అని అడిగేవారూ ఉన్నారు. ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రికి చేరినవారికి, రక్తనమూనా తీసుకున్నాక, మలేరియాకూ స్క్రబ్ టైఫస్‌కూ కలిపి చికిత్స మొదలుపెట్టడం సమంజసమే. మామూలు జ్వరానికి అలా చేస్తే టైఫాయిడ్ విషయంలో జరిగిందే మళ్లీ జరుగుతుంది: మందులు ఒక్కొక్కటిగా పనికిరాకుండా పోతాయి. అంతకన్నా చవకైన దారి రోగిని మళ్లీ చూడటం. డెంగీ జ్వరం మామూలుగా వారంలోపే దిగుతుంది. దిగకపోయినా, తెల్లకణాలు తగ్గాల్సింది పోయి పెరిగినా, చంకలోనో గజ్జలోనో పురుగు కుట్టిన చోట నల్లటి పక్కు కనిపించినా రెండో కారణం వెతకాలి. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రెండు రోజులకు జ్వరం తగ్గకపోతే స్క్రబ్ టైఫస్ ఒక్కటే కాదేమోనని చూడాలి. ఇందుకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపు చుక్క చూసే టెక్నీషియన్, నాలుగో రోజున రోగిని తిరిగి రమ్మనే వైద్యుడు ఉంటే చాలు. మలేరియా, డెంగీ, చికున్‌గన్యా ఒకే జాతీయ కార్యక్రమం కింద ఉన్నాయి, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ దాని బయట ఉన్నాయి. రోగి మాత్రం అన్నింటికీ అదే ఓపీ వరుసలో నిలబడుతున్నాడు. కాబట్టి ఈ జ్వరాలన్నింటి పరీక్షలూ, లెక్కలూ ఆ ఓపీ గదిలోనే కలవాలి.