వలస వైద్య పరీక్షలో పోలియో టీకా: ఒక నిబంధన పుట్టుక

అమెరికాలో శాశ్వత నివాసం కోరేవారు వైద్య పరీక్షలో పోలియో టీకా రుజువు చూపాలన్న నిబంధన 1996 నాటిది. పరాయి దేశాల నుంచి పోలియో వచ్చిపడుతుందన్న భయమే దీన్ని పుట్టించిందని, ఓడరేవుల నాటి క్వారంటైన్‌కు ఇది కొనసాగింపని తరచూ చెబుతుంటారు. కాలక్రమాన్ని పరిశీలిస్తే ఈ వివరణ చాలదనిపిస్తుంది.

1891 వలస చట్టం అంటురోగులను వెనక్కి పంపమంది. మరుసటి ఏడాది తెరిచిన ఎల్లిస్ ఐలాండ్ వలస కేంద్రంలో వైద్యులు ట్రకోమా వంటి జబ్బుల కోసం వెతికారు. మశూచిని మినహాయిస్తే, ఆ పరీక్ష రోగిని పట్టుకోవడానికే తప్ప టీకాల లెక్క తీయడానికి కాదు. 1916లో న్యూయార్క్ నగరంలో దాదాపు 9,000 మందికి పోలియో సోకి, సుమారు 2,400 మంది చనిపోయారు. నింద బ్రూక్లిన్‌లోని ఇటాలియన్ వలస కుటుంబాల మీద పడింది. తర్వాతి పరిశోధనలు దాన్ని బలపరచలేదు. ఆ ఏడు పోలియో పేరిట ధ్రువపత్రం అడిగిన మాట నిజమే. కానీ అడిగింది నగరంలోకి వచ్చేవారిని కాదు, న్యూయార్క్ విడిచి వెళ్లే పదహారేళ్లలోపు పిల్లలను. 1952లో దేశమంతటా దాదాపు 58,000 కేసులు నమోదయ్యాయి. వలస చట్టాన్ని సమగ్రంగా తిరగరాసిందీ అదే సంవత్సరం. అప్పటికి టీకా లేదు కాబట్టి ఆ షరతు లేకపోవడంలో వింత లేదు. 1955లో సాల్క్ సూది మందు, 1960ల మొదట్లో సాబిన్ చుక్కలు వచ్చాక కూడా మూడు దశాబ్దాలకు పైగా ఆ ఊసు రాకపోవడమే ఆలోచించవలసిన విషయం.

1979లో అమెరికా గడ్డపై చివరిసారి సహజ (టీకా నుంచి పుట్టని) పోలియో వ్యాపించినప్పుడు వైరస్ నెదర్లాండ్స్ నుంచి కెనడా మీదుగా వచ్చి, టీకాకు దూరంగా ఉన్న ఆమిష్ సమాజంలో ప్రవేశించింది. మత సంబంధాల దారిలో వచ్చిన ఆ వైరస్‌కు వలస వీసాతో పని పడలేదు. 1994లో రెండు అమెరికా ఖండాలూ పోలియో రహితమని ప్రకటించారు. ఆ తర్వాత రెండేళ్లకు నిబంధన వచ్చింది. రోగం విజృంభించిన రోజుల్లో లేని షరతు, అది పోయాక ఎందుకు పుట్టింది?

జవాబులో పెద్ద భాగం పోలియోలో కాదు, తట్టులో ఉంది. 1989-91 మధ్య అమెరికాలో తట్టు తిరగబెట్టి 55,000 మందికి పైగా సోకింది. 120 మందికి పైగా మరణించారు. నగరాల్లోని పేద కుటుంబాల్లో, బడి వయసు రాని పిల్లలకు టీకాలు అందలేదని తేలింది. ఆ దెబ్బతోనే 1993లో పేద పిల్లలకు ఉచిత టీకాల చట్టం వచ్చింది. బడిలో చేర్చుకోవడానికి టీకా పత్రం అడగడం అప్పటికే అన్ని రాష్ట్రాల్లో ఉంది. ఏ ఒక్క రోగాన్నో కాకుండా, పిల్లల టీకాల జాబితా మొత్తాన్ని ఒకే కొలమానంగా చూసే అలవాటు విధాన నిర్ణేతల్లో అలా స్థిరపడింది.

1996 వలస చట్టంలోని 341వ సెక్షన్ దాదాపు ఆ జాబితానే. గవదబిళ్లలు, తట్టు, రుబెల్లా, పోలియో, ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు, హెపటైటిస్ బి అని వరుసగా పేర్కొని, టీకాల సలహా సంఘం సిఫారసు చేసే మిగతావన్నీ కూడా అని ముగించింది. పిల్లలకు మెదడు పొరల వాపు తెచ్చే హిబ్ బాక్టీరియాను ‘ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి’ అంటూ ఫ్లూ వైరస్ పేరుతో రాసింది. ఒక్కో రోగాన్ని తూచి రాసిన చట్టంలో ఇలాంటి పొరపాటు దొర్లడం కష్టం. జాబితాను ఎత్తి రాశారన్నది దీనినిబట్టి చేసే ఊహే అయినా, మిగతా ఆధారాలు కూడా అటే మొగ్గుతున్నాయి. పర్యాటకులకు, విద్యార్థులకు, హెచ్-1బి ఉద్యోగులకు ఈ షరతు లేదు. వైరస్ వీసా రకం చూడదు. అమెరికా టీకా పట్టికలో పెద్దలకు పోలియో డోసు మామూలుగా ఉండేది కాదు కనుక, పరీక్షలోనూ చాలాకాలం పద్దెనిమిదేళ్లు దాటినవారిని అడగలేదు. 1997లో, విదేశాల నుంచి దత్తత తీసుకునే పదేళ్లలోపు పిల్లలకు మినహాయింపు ఇచ్చారు. వచ్చాక వేయిస్తామని పెంపుడు తల్లిదండ్రులు ప్రమాణపత్రం ఇస్తే చాలు. పోలియో ఎక్కువగా కాటేసే వయసు అదే.

అలాగని భయం పాత్ర అసలే లేదనడం సరికాదు. 1996లో భారత్‌లో పోలియో ఇంకా పిల్లల కాళ్లు లాగేస్తూనే ఉంది. ఇక్కడ పల్స్ పోలియో మొదలై అప్పటికి ఏడాదే. కాలిఫోర్నియాలో 1994 నాటి 187వ ప్రతిపాదన చూపినట్టు, వలసదారుల మీద ప్రజాధనం ఖర్చవుతుందన్న కోపం కూడా ఆ రోజుల్లో బలంగా ఉంది. అదే 1996 చట్టం స్పాన్సర్ల ఆర్థిక హామీని కోర్టులో అమలయ్యే బాధ్యతగా మార్చింది. ఆరోగ్యమూ అసహనమూ అందులో కలగలిసే ఉన్నాయి.

జాబితాను గుడ్డిగా అనుసరించడంలోని చిక్కు 2008లో బయటపడింది. సలహా సంఘం సిఫారసు ఆధారంగా హెచ్‌పీవీ టీకా వలస యువతులకు తప్పనిసరైంది. విమర్శలు రేగి, 2009 డిసెంబరులో తొలగించారు. వ్యాప్తి చెందే ప్రమాదం ఉన్నవి, దేశంలో నిర్మూలించినవి లేదా నిర్మూలన దశలో ఉన్నవి మాత్రమే ఇకపై వర్తిస్తాయన్నారు. పోలియోకు వైద్యపరమైన సమర్థన, చట్టంలో చేరిన పదమూడేళ్లకు, ఇలా దొరికింది.

అసలు క్వారంటైన్ సంప్రదాయం నుంచి వచ్చిన నిబంధన వేరే ఉంది. 2014 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పోలియోను అంతర్జాతీయ అత్యవసర స్థితిగా ప్రకటించి, వైరస్‌ను ఎగుమతి చేస్తున్న దేశాల నుంచి బయల్దేరేవారు ప్రయాణానికి 4 వారాల నుంచి 12 నెలల ముందు ఒక డోసు వేసుకోవాలంది. అక్కడ వయసు, వీసా భేదం లేదు. పోలియో ఉన్న దేశాల ప్రయాణికులకు భారత్ కూడా అదే ఏడాది చుక్కల పత్రం తప్పనిసరి చేసింది. హజ్ యాత్రికులకు హైదరాబాద్ శిబిరాల్లో చుక్కలు వేయడం ఈ కోవకే చెందుతుంది.

తెలుగు కుటుంబాలకు అమెరికా నిబంధన చిక్కు తెచ్చింది 2016 తర్వాతే. ఆ ఏప్రిల్‌లో ప్రపంచమంతా చుక్కల మందులోని మూడు రకాల పోలియో వైరస్‌లలో రెండో రకాన్ని తీసేసింది. జూన్‌లో హైదరాబాద్ అంబర్‌పేట మురుగునీటిలో టీకా నుంచి పుట్టిన రెండో రకం వైరస్ కనిపించగా, హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు సూది మందు వేశారు. అయితే 2016 ఏప్రిల్ 1 నుంచి వేసిన చుక్కలను అమెరికా లెక్కలోకి తీసుకోదు. అంతకుముందు పల్స్ పోలియో వంటి కార్యక్రమాల్లో వేసినవీ చెల్లవు. రెండో రకం నుంచి 2016 ఏప్రిల్ తర్వాతి చుక్కలు కాపాడవు కనుక ఆ జాగ్రత్త అర్థమయ్యేదే. అర్థం కానిది తర్వాతి మెట్టు: వరుస డోసులు పూర్తి కాకపోయినా, పరీక్ష నాటికి వేయదగిన ఒక్క డోసు సూది మందు వేస్తే కాగితం పూర్తవుతుంది. ఆ సూది మందు బిడ్డను పక్షవాతం నుంచి కాపాడుతుంది; పేగుల్లో వైరస్ పెరగకుండా ఆపే శక్తి దానికి తక్కువ. వలస వచ్చే బిడ్డకు మేలు చేసే నిబంధనగా దీన్ని సమర్థించవచ్చు, సరిహద్దు కాపలాగా కాదు. 2022లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాక్‌లాండ్ కౌంటీలో రెండో రకం వైరస్‌తో పక్షవాతానికి గురైన యువకుడు వైరస్ సోకిన రోజుల్లో దేశం దాటలేదు, టీకా వేసుకోలేదు. మరుసటి ఏడాది జూన్‌లో సలహా సంఘం, టీకా పూర్తి కాని పెద్దలు కూడా డోసులన్నీ పూర్తి చేసుకోవాలని సిఫారసు చేసింది.