అనొరెక్సియా: ఆకలి ఉన్నా అన్నం ముట్టని వ్యాధి

‘అనొరెక్సియా’ అనే గ్రీకు మాటకు ఆకలి లేమి అని అర్థం. 1873లో లండన్ వైద్యుడు విలియం గల్ వాడుకలోకి తెచ్చిన ఈ పేరు కొంత తప్పుదారి పట్టిస్తుంది. ఈ మానసిక వ్యాధిలో మొదట ఆకలి చావదు. బరువు పెరుగుతామన్న భయంతో రోగులే దాన్ని అణచుకుంటారు. మన దేశంలో కొందరు ఆ భయం బయటపెట్టక, కడుపు ఉబ్బరమనో అరగలేదనో అంటారు.

అందుకే కంచం దగ్గరి తీరును గమనించాలి: మెతుకులు కెలకడం, ‘బయట తినేశాను’ అనడం, కొత్తగా మొదలైన ఉపవాసాలు. నెలసరి ఆగడం, ఎండాకాలంలోనూ చలి, ఒంటిపై నూగు, మందగించిన నాడి తర్వాతి దశ లక్షణాలు. అబ్బాయిలకూ ఇది వస్తుంది.

బాగా చిక్కినవారికి ఒక్కసారిగా ఎక్కువ తినిపిస్తే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండెకు ముప్పు. ఆహారం పెంచడం వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి. టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.