కర్దనుడి పదమూడు రోజులు

కళింగ రాజు కర్దనుడు ఒక వసంతంలో సెలవు తీసుకున్నాడు. భార్యనీ, కూతురు కనకలేఖనీ, అంతఃపురాన్నీ, నగరంలో కావలసినవాళ్ళనీ వెంటబెట్టుకుని సముద్రపు ఒడ్డున ఉన్న వనానికి వెళ్ళి 13 రోజులు గడిపాడు. పాటలు, ఆటలు, చల్లగాలి. అందరూ ఆ మైకంలో ఉండగా ఆంధ్ర రాజు జయసింహుడు పడవల దండుతో వచ్చి మీద పడ్డాడు. రాజునీ, రాణినీ, కూతురినీ పట్టుకుపోయాడు. దండి సంస్కృతంలో రాసిన దశకుమారచరితంలో మంత్రగుప్తుడనే కుర్రాడు చెప్పే కథలోది ఈ ముక్క.

దండి ఆ రోజుల్ని లెక్కపెట్టి మరీ చెప్పడం నాకు సరదాగా ఉంటుంది. చాలా రోజులు అనో, వసంతమంతా అనో అనొచ్చు. అనడు. 'పదీ మూడూ' అంటాడు. బుకింగ్ కాగితంలో ఉన్నట్టు ఉంటుంది ఆ లెక్క.

ఇప్పుడు తాడేపల్లిగూడెం, ఏలూరు వైపు, పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళకి వెళ్తే ఒక ఫొటో చూపిస్తారు. తెల్లటి ఓడ పై అంతస్తు, వెనక కరీబియన్ నీలం, ఆయన నెత్తిమీద కొత్త టోపీ, ఆవిడ చీర మీద స్వెట్టరు. ఏడు రాత్రుల క్రూజ్. ఆ ఏడింట్లో ఓడ ఏ దీవి దగ్గరా ఆగని రోజులు రెండో మూడో ఉంటాయి. వాటిని 'సీ డే' అంటారు. ఆ రోజు ఎక్కడికీ చేరక్కర్లేదు, ఏదీ చూడక్కర్లేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఇద్దరూ ఏ పనీ లేకుండా ఎదురెదురుగా కూర్చున్న మొదటి రోజు బహుశా అదే అయ్యుంటుంది. దాన్ని వెక్కిరించడానికి నాకు మనసు రాదు. కానీ అలాంటి రోజు ఒకటి దొరకాలంటే ఎవరు ఏం చెయ్యాలి అన్న ప్రశ్న మాత్రం ఉంది. దాని గురించి నేను చదివినవాటిలో అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా చురుకైనది ఈ దండి కథే. పైగా అది మన కొల్లేటి ఒడ్డున ముగిసిందని చాలామంది చరిత్రకారులు నమ్ముతారు.

కథ చెప్పే మంత్రగుప్తుడికి ఒక ఇబ్బంది ఉంది. ప్రియురాలు పెదవి కొరికేసింది. అందుకని పెదాలు కలిపి పలికే అక్షరాలు లేకుండా కథంతా చెప్తాడు. ప, ఫ, బ, భ, మ లేవు. తెలుగులో ప్రయత్నించి చూడండి: ప్రేమ లేదు, పెళ్ళి లేదు, పడవ లేదు, సముద్రం లేదు. సంస్కృత పండితులు ఈ విద్య చూసి మురిసిపోతారు. ఆ మురిపెంలో కథ మొదట్లో ఉన్న ఒక జంటని దాటేస్తారని నా అనుమానం.

ఆ జంట ఒక కింకరుడూ అతని భార్యా. రాత్రిపూట శ్మశానం పక్కన దాక్కుని మంత్రగుప్తుడు వాళ్ళ మాటలు వింటాడు. వాళ్ళని మంత్రంతో లొంగదీసుకున్న సిద్ధుడొకడు వేళాపాళా లేకుండా పనులు చెప్తున్నాడు. ఇద్దరం దగ్గరగా ఉన్నప్పుడే వాడికి మా అవసరం పడుతుంది, వీడి పీడ వదిలించే మొనగాడే లేడా అని వాళ్ళ గోడు. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఫోన్ మోగే ఉద్యోగం చేసేవాణ్ణి కాబట్టి ఈ సంభాషణ నాకు వెంటనే పట్టుబడింది. ఆ రాత్రి కింకరుడికి పడిన పని ఏమిటంటే, కనకలేఖని బలి ఇవ్వడానికి ఎత్తుకురావడం. మంత్రగుప్తుడు సిద్ధుణ్ణి చంపేస్తాడు. కింకరుడికి విడుదల. మరి ఆ స్వేచ్ఛతో మొదట ఏం చేస్తాడు? ఇంకో పని. కనకలేఖనీ, ఆమె మనసుపడ్డ మంత్రగుప్తుణ్ణీ అంతఃపురంలో దింపి వస్తాడు. ఒక జంట ఏకాంతం కోసం ఇంకో జంట ఆ రాత్రి కూడా డ్యూటీ చేసింది. ఇదయ్యాకే కర్దనుడి 13 రోజుల విహారం వస్తుంది. దండి ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టింది యాదృచ్ఛికంగా అనుకోను.

బందీలు ఆంధ్ర నగరం చేరారు. కనకలేఖని పెళ్ళాడాలని జయసింహుడి కోరిక, కానీ ఆమెకి యక్షుడు పట్టాడు. మంత్రగుప్తుడు సన్యాసి వేషంలో వెళ్ళి, ఆ నగరం దగ్గర సముద్రమంత సరస్సు ఒడ్డున మకాం పెడతాడు. నీటి పక్షులతో కళకళలాడే సరస్సు. ఈ వర్ణన చదివి ఇది కొల్లేరే అన్నారు. నగరం వేంగి, అంటే ఏలూరుకి ఉత్తరాన ఉన్న ఇప్పటి పెదవేగి. దానికి ఇంకో దన్ను కూడా ఉంది. 7వ శతాబ్దం మధ్యలో వేంగిని సుమారు 30 ఏళ్ళు ఏలిన తూర్పు చాళుక్య రాజు పేరు జయసింహుడే. కంచిలో ఉన్న దండి ఆ శతాబ్దం చివరివాడు. పొరుగు రాజ్యపు రాజుని, అదీ తన రాజులైన పల్లవులకి గిట్టని వంశంవాణ్ణి, పేరు పెట్టి కథలో ముంచి చంపాడన్నమాట.

అభ్యంతరాలు లేకపోలేదు. పెదవేగికీ కొల్లేరుకీ మధ్య మంచి దూరం ఉంది. ఒడ్డున ఉన్న నగరం అనిపించుకోవడం కష్టం. ఏ పెద్ద చెరువైనా కవి చేతిలో సముద్రమవుతుంది. కానీ నాకు పేరుకంటే, పక్షులకంటే పడవలు ముఖ్యంగా కనిపిస్తాయి. వేంగి లోతట్టు నగరం. దాని రాజు కళింగ తీరం మీదికి పడవల్లో ఎలా వెళ్తాడు? కొల్లేరు నుంచి ఉప్పుటేరు పట్టుకుని బంగాళాఖాతంలోకి దిగొచ్చు. ఇది నా ఊహే, శాసనం కాదు. శాసనం కావాలంటే ఐహొళెలో ఉంది, 634 నాటిది. రెండవ పులకేశి పిష్టపురం గెలిచిన తర్వాత కునాళ సరస్సు నీళ్ళు నెత్తుటితో ఎర్రబడ్డాయని రవికీర్తి రాశాడు. కీల్‌హార్న్ ఆ కునాళం కొల్లేరే అన్నాడు. మొత్తానికి ఆ కాలపు రాతల్లో కొల్లేరు కనిపిస్తే యుద్ధంలోనో, యుద్ధంగా మారిన విహారంలోనో కనిపిస్తుంది. అక్కడ రోజూ చేపలు పట్టుకున్నవాళ్ళు కనబడరు. ఒక్కచోట తప్ప. ఆ చోటుకి మళ్ళీ వస్తాను.

ఈ ప్రాంతంలో మామూలు దంపతులకి నీళ్ళ మీద రోజులు గడిపే అవకాశం వచ్చింది చాలా శతాబ్దాల తర్వాత, కాలువల మీద. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, బెజవాడది 1855లో. విజ్జేశ్వరం దగ్గర బయలుదేరిన గోదావరి నీళ్ళు నిడదవోలు, గూడెం మీదుగా ఏలూరొస్తాయి. కృష్ణ నీళ్ళు బెజవాడ నుంచి ఏలూరొస్తాయి. కాటన్ దృష్టిలో కాలువ అంటే పొలానికి నీళ్ళు మాత్రమే కాదు, రోడ్డు కూడా. రైళ్ళకంటే పడవలే ఈ దేశానికి చవక అని ఆయన చివరిదాకా వాదించాడు. అందుకే కాలువ పొడుగునా లాకులు కట్టారు. పడవ లాకులోకి వెళ్తుంది, తలుపులు మూస్తారు, నీళ్ళు ఎక్కిస్తారు లేదా దించుతారు, అవతలి తలుపు తీస్తారు. 1876-78 కరువు పనుల్లో బకింగ్‌హామ్ కాలువ పూర్తయ్యాక కాకినాడలో పడవెక్కి, కాలువలు మారుతూ, మద్రాసు దాటి వెళ్ళగలిగే నీళ్ళదారి ఏర్పడింది.

ఏలూరు కాలువ పొడవు ఇప్పటి జలమార్గం లెక్కల్లో 139 కిలోమీటర్లు. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప. లేకపోతే గెడ, అదీ కాకపోతే మోకు కట్టి గట్టు మీద మనుషులు లాగాలి. మనిషి నడకే పడవ వేగం. గంటకి 3 కిలోమీటర్లు అనుకున్నా, లాకుల దగ్గర ఆగకుండా 46 గంటలు. అంటే రాజమండ్రి వైపు నుంచి బెజవాడకి కొత్తకోడల్ని తీసుకెళ్ళే కుటుంబానికి కనీసం రెండు రాత్రులు నీళ్ళ మీదే. పెద్దవాళ్ళ మధ్య, చాపల మీద, మూటల మధ్య ఆ కొత్త జంటకి ఏకాంతం దొరికేదని చెప్పను. కానీ రెండు రోజులు ఏ పనీ లేకపోవడం అనే అనుభవం దొరికి ఉండాలి. అదే రెండు రోజులు మోకు భుజాన వేసుకున్నవాడు అంతా నడిచే వచ్చాడు. కాలువ ప్రయాణాల జ్ఞాపకాల్లో లాకులుంటాయి, వెన్నెల ఉంటుంది, ఫలహారాల మూట ఉంటుంది. ఆ లాగిన మనిషి ఒక వాక్యం పాటు ఉంటే గొప్ప.

1890ల్లో రైలొచ్చింది. 1900కల్లా గోదావరి మీద వంతెన కూడా పడింది. 46 గంటలు కొన్ని గంటలైపోయాయి. సరుకు పడవలు ఇంకా చాలాకాలం తిరిగాయి గానీ, దూరాలు వెళ్ళే ప్రయాణికులు రైలెక్కేశారు. అట్లాంటిక్ మీదా ఇదే జరిగింది. 1958లో జెట్ విమానాలు మొదలయ్యాక జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి చేర్చే ఓడలకి పని పోయింది. అయితే అక్కడ కొందరు వ్యాపారులు ఎక్కడికీ చేర్చని ఓడ నడిపితే ఎలా ఉంటుందని చూశారు. 1966 డిసెంబర్లో మయామీ నుంచి 'సన్‌వర్డ్' అనే ఓడ సెలవులవాళ్ళని ఎక్కించుకుని బహామాస్‌కి బయలుదేరింది. 1972లో కార్నివాల్ వచ్చింది. బయలుదేరిన రేవుకే తిరిగొచ్చే ప్రయాణం పెద్ద పరిశ్రమ అయింది. మన కాలువకి ఆ రెండో జన్మ రాలేదు, గుర్రపుడెక్క వచ్చింది. 2008లో కాకినాడ-పుదుచ్చేరి కాలువల్ని 4వ నంబరు జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఏలూరులో వంతెన మీద నిలబడి కిందికి చూస్తే ఆ ప్రకటన మీద నమ్మకం కుదరడం కష్టం.

ఇక్కడ కరీబియన్ సంగతి ఇంకొకటి చెప్పాలి. గూడెం దంపతులు ఆ నీళ్ళ మీద మొదటి తెలుగు దంపతులు కారు. 1838 నుంచి 1917 దాకా బ్రిటిష్ గయానాకి ఒప్పంద కూలీలుగా 2,38,000 మందికి పైగా వెళ్ళారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి. మద్రాసు నుంచి వెళ్ళినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఫ్రెంచి దీవులకి పుదుచ్చేరి, కారైకాల్ నుంచి ఓడలు వెళ్ళేవి. గ్వాడలూప్‌కి మొదటి ఓడ 'ఒరేలీ' 1854 క్రిస్మస్ ముందు రోజు చేరింది. ఆఫ్రికా కొన చుట్టి సుమారు మూడు నెలలు. ఆ ఓడల్లో మనుషుల్ని సర్దడానికి ఒక పద్ధతి ఉండేది: ఒంటరి మగవాళ్ళు ముందు భాగంలో, ఒంటరి ఆడవాళ్ళు వెనక భాగంలో, దంపతులు నడుమ. ప్రతి 100 మంది మగవాళ్ళకీ 40 మంది ఆడవాళ్ళు ఉండాలని కూడా నిబంధన ఉండేది. అది తగ్గకుండా చూసుకోవడం రిక్రూటర్ల తలనొప్పి. డిపోలో పరిచయమై, డిపోలోనే జంటగా నమోదై ఓడెక్కినవాళ్ళున్నారు. అంటే వాళ్ళ కాపురం మొదటి మూడు నెలలూ ఓడ నడుమ భాగంలో, చెక్కల మీద, పక్క జంటకి చెయ్యంత దూరంలో. కింకర దంపతుల గోడు మళ్ళీ వినిపించదూ? ఇంకా దిగకముందే వాళ్ళ ఐదేళ్ళు తోట యజమానివైపోయాయి.

ఇప్పటి క్రూజ్ ఓడల్లోనూ కింది అంతస్తుల్లో పడుకునేవాళ్ళు వేరే ఉన్నారు. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళే చాలామంది. ఆరు నుంచి తొమ్మిది నెలల కాంట్రాక్టు. సీ డే అంటే వాళ్ళకి ఇంకా ఎక్కువ పని, ప్రయాణికులంతా ఓడలోనే ఉంటారు కనక.

దండి దగ్గర నేను బాకీ పెట్టిన చోటు ఇది. సన్యాసి జయసింహుడితో, అర్ధరాత్రి ఈ సరస్సులో మునిగితే నీకు కొత్త దేహం వస్తుంది, యక్షుడు వదులుతాడు అంటాడు. రాజు అమాయకుడు కాడు. దిగేముందు జాలరుల్ని పిలిపించి, వలలు వేయించి, నీళ్ళలో మొసలిగానీ మనిషిగానీ లేదని వెతికిస్తాడు. మొత్తం కథలో సరస్సు మీద బతికేవాళ్ళు కనిపించేది ఇక్కడే, భద్రతా సిబ్బందిగా. వాళ్ళ పని వాళ్ళు సరిగ్గానే చేశారు. మంత్రగుప్తుడు నీళ్ళలో లేడు, ఒడ్డులో ముందే తవ్వి పెట్టుకున్న బొరియలో ఉన్నాడు. రాజుని ముంచి చంపి, కొత్త దేహంతో వచ్చిన రాజు తానేనని పైకి తేలాడు. కర్దనుణ్ణి విడిపించాడు, కనకలేఖని పెళ్ళాడాడు. మర్నాడు ఆ జాలరుల్ని ఎవరైనా ఏమైనా అడిగారా అన్నది దండి రాయలేదు.

కొల్లేటి వడ్డీల్ని మాత్రం అడుగుతూనే ఉన్నారు. 1999లో అయిదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో లోపలి చేపల చెరువుల గట్లు యంత్రాలు పెట్టి కొట్టేశారు. ఆ గట్లు సరస్సుని చంపుతున్న మాట నిజం. ఎక్కువ గట్ల వెనక పెట్టుబడి బయటివాళ్ళదన్న మాటా నిజం. చేప పట్టుకు బతికేవాడూ, చెరువు లీజుకిచ్చి బతికేవాడూ, బయటి పెట్టుబడిదారూ ఒకే గట్టు మీద ఉన్నారు. యంత్రం గట్టునే చూసింది.

కైకలూరు దగ్గర ఆటపాక వెళ్తే పడవెక్కించి పెలికన్లని చూపిస్తారు. ఆదివారాలు కొత్త జంటలు ఎక్కువ. ఒడ్డు నుంచి బయలుదేరి అదే ఒడ్డుకి వచ్చేస్తుంది పడవ. పక్షుల చెట్ల దగ్గర కాసేపు ఆగితే జంటలు ఫోన్లు తీస్తారు, పడవ నడిపే మనిషి ఫ్రేములోకి రాకుండా పక్కకి ఒంగుతాడు.