రంగం రేవులో రెండు ఆకళ్లు

నెగడికి దగ్గరగా జరగండర్రా, ఒక పాత తగువు సెప్తాను. ఇంగ్లండోళ్లు ఐరోపా కూటమిలో ఉండాలా, బయటికొచ్చీయాలా అని 2016లో ఓట్లేసుకున్నారు కదా. పోలండు నుంచొచ్చినోళ్లు మా కూలి తగ్గించీసినారని కొందరు, ఆళ్లు లేకపోతే పని సేసీదెవరని కొందరు. టీవీలో అది సూసి మన గుంటలు నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. మా తాత కాలంలో అదే తగువొచ్చింది. అప్పుడు పోలండోళ్ల సోట ఉన్నది మనమే.

ఆ రోజుల్లో మన టెక్కలి, పలాస, మందస అన్నీ గంజాం జిల్లా. బర్మా కూడా తెల్లోడి ఇండియాలో ఒక రాష్ట్రమే. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. పంట పోయినా, జమీందారు శిస్తు కట్టలేకపోయినా గోపాలపురమో, కళింగపట్నమో ఎల్లి రంగం స్టీమరెక్కడమే. రంగం అంటే బర్మాలో రంగూను. ఎండయినా వానయినా డెక్కు మీదే. టిక్కెట్టు డబ్బులు మేస్త్రి అడ్వాన్సుగా ఇచ్చీవోడు. ఆ అప్పు తీరీదాకా మనిషి ఆడిదే. రేవులో కంపెనీ ఇచ్చిన కూలి పెద్ద మేస్త్రి, సిన్న మేస్త్రి సేతులు మారి కూలోడి దగ్గరికొచ్చీసరికి సన్నగిల్లిపోయీది. బస్తాలు మోసి మోసి మా తాత మెడ మీద కాయ కాసింది. సిన్నప్పుడు నాను ఏలితో నొక్కి సూసీవోణ్ణి. 1931 జనాభా లెక్కల్లో రంగంలో సగానికి పైగా ఇండియావోళ్లే. మనోళ్లని అక్కడ కోరంగీలనీవోరు. ఆ పిలుపులో మర్యాద ఉండీది కాదు.

1930 మే నెల. కూలి పెంచమని రేవులో తెలుగోళ్లు పని ఆపీసినారు. కార్మిక సంఘాల చట్టం 1926లోనే వొచ్చింది గానీ మా తాత గేంగుకి జెండా లేదు, రసీదు బుక్కు లేదు. అన్నం ముట్టుకుని సెప్పుకున్న మాటే సంఘం. మరి కంపెనీలేటి సేసినాయి? అప్పటిదాకా రేవులోకి పెద్దగా రానివ్వని బర్మావోళ్లని పిలిచి పన్లోకి దించినాయి. ఆళ్లేమన్నా కలిగినోళ్లా? పల్లెల్లో పొలం వడ్డీకింద పోగొట్టుకుని పట్నం సేరినోళ్లు. కొన్నాళ్లకి కంపెనీలు దిగొచ్చి, కూలి కొంచెం పెంచి మనోళ్లని పిలిచినాయి. రేపటినించి మీకు పని లేదని బర్మావోళ్లకి ముందుగా సెప్పినోడు లేడు. మే 26 పొద్దున్న ఆళ్లు రేవుకొచ్చి సూస్తే మనోళ్లు పన్లో ఉన్నారు. మనోళ్లు నవ్వినారు. అక్కడ రేగింది. కొన్ని రోజులపాటు ఈదుల్లో కత్తులూ కర్రలూ తిరిగినాయి. నూరుమందికి పైగా సచ్చిపోనారు, ఎక్కువమంది మనోళ్లే.

మా తాత కంపెనీని తిట్టీవోడు, అది మామూలే. ఆ తరవాత ఇంకో మాట అనీవోడు: “పని ఆపీముందు ఆ బర్మావోళ్ల బస్తీకెల్లి ఒక్కడూ మాటాడలేదురా.” కూలి పెంచమని అడగడం న్యాయమే. గానీ గేటు బయట నిలబడ్డ ఆకలోణ్ణి లెక్కలోకి తీసుకోలేదు. ఆ ఒక్క సందులోంచే కంపెనీ దూరింది.

ఆ ఎనక బర్మా ఇండియాతో ఉండాలా, విడిపోవాలా అని పెద్ద సర్చ. విడగొట్టీమని సైమన్ కమిషన్ సెప్పింది. 1932 ఎన్నికల్లో విడిపోవద్దన్నోళ్లే నెగ్గినారు. అయినా 1937 ఏప్రిల్ 1న బర్మా వేరైపోయింది. కూలోణ్ణి అడిగినోడెవడూ లేడు. 1941లో ఇండియా, బర్మా సర్కార్ల ఒప్పందంతో కొత్త కూలీలకి తలుపేసీసినారు. ఆ డిసెంబరు 23న రంగం మీద జపానోళ్ల బాంబులు పడ్డాయి. డబ్బున్నోళ్లు స్టీమరెక్కినారు. మిగిలినోళ్లు లక్షలమంది అరకాను కొండల మీంచి, మణిపూరు మీంచి నడిచినారు. మా తాత నడిచొచ్చినోడే. 1962లో అక్కడ సైన్యం గద్దెనెక్కి యాపారాలు లాగేసుకున్నాక ఇంకా వొచ్చినారు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలగ ఎలిసిందే.

ఇప్పుడు మన సంగతి సూడండి. ఆఫ్రికా జీడిపిక్క ఓడెక్కి విశాఖ రేవుకొస్తంది, అక్కణ్ణించి పలాస బట్టీలకొస్తంది. పిక్కకి దేశాలు అడ్డం లేవు. దాన్ని కొట్టి, పొట్టు తీసి పప్పు సేసీది మన ఆడోళ్లు. జీడి నూనెకి సేతులు కాలి నల్లబడతాయి. సరుకు కదల్లేదని బట్టీ మూసీస్తే ఆ రోజు కూలి లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల్ని పడగొట్టీసింది. కుర్రోళ్లు విశాఖ, హైదరాబాదు, గల్ఫు పట్టుకుపోనారు. అక్కడ మనం పైనుంచొచ్చినోళ్లం. ఇక్కడ మన పన్లకి పైనోడొస్తే మనోడే టీ కొట్టుకాడ, “ఈళ్లొచ్చి కూలి సెడగొట్టీసినార్రా” అంతన్నాడు.

మీరు బట్టీల్లో సంఘం కడతామంటే మొదటి సందా నాదే. ఒక్కటే అడుగుతాను. రసీదు బుక్కులో మనోళ్ల పేర్లు అయిపోయినాక ఆపీకండి. పని లేక గేటుకాడ నిలబడ్డ మనూరి గుంటడికీ, నిన్న రైలు దిగిన ఒడిశా గుంటడికీ కూడా రసీదు రాయండి. మీరు రాయకపోతే ఆళ్ల పేర్లు యజమాని రాసుకుంటాడు.